ఒక పోగు తక్కువ అయిదువేల నలభై

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు ఫోను పట్టుకుని నా మంచం మీదకి చేరింది. ఏ అంకె ఇచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే పేజీ ఒకటి దొరికిందట. ఏదైనా పెద్ద నంబరు చెప్పమంది. ముప్ఫై రెండేళ్ళు విజయవాడలో లెక్కల టీచరుగా చేసినదాన్ని, అంకె కోసం వెతుక్కుంటానా? నా నాలుక చివర ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. అయిదువేల ముప్ఫై తొమ్మిది అన్నాను. ఇదేం పెద్దదని మూతి విరిచి, అయినా కొట్టింది.

ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ప్రధాన సంఖ్య, అంటే ఒకటీ తనూ తప్ప ఇంకెవరూ భాగించలేనిది. అది నాకు తెలుసులే, ఏటా బోర్డు మీద వేసి చూపించేదాన్ని అన్నాను. తర్వాత బేసి సంఖ్య. "ఇది కూడా రాశాడు చూడమ్మమ్మా, మనకి తెలీదనుకున్నాడేమో" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. లేచి కూర్చున్నాను. ఒళ్ళంతా చల్లబడింది. పిల్ల కంగారుపడి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగింది. వేసుకున్నాను, నువ్వెళ్ళి చదువుకో అని పంపించేశాను.

ఆ అంకెతో నాకు పదేళ్ళప్పటి నుంచీ పరిచయం. అది బేసి అని దాని చివర ఉన్న తొమ్మిదిని చూస్తే ఒకటో తరగతి పిల్ల చెబుతుంది. నేను మాత్రం అర్ధ శతాబ్దం దాని ముఖం చూస్తూ కూడా ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించిన మరుక్షణం నా చిన్నతనంలోని ఒక వేసవి మొత్తం తలకిందులైంది. చాలాసేపు మంచం దిగలేకపోయాను.

మా నాన్న వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఏటా బళ్ళకి సెలవులివ్వగానే నన్ను బందరు బస్సెక్కించి తాతయ్య ఊరు పంపేసేవాడు. కాలవ పక్కన ఒకటే పొడుగాటి వీధి, వీధంతా నేతవాళ్ళు, ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం. నాన్న కుర్రతనంలోనే గోతిలో కాళ్ళు పెట్టుకుని బతకనని చెప్పి బెజవాడ వచ్చేశాడట. ఆయనకి నేత రాదు. నేర్పబోతే పారిపోయేవాడని తాతయ్య చెప్పేవాడు. ఆదివారాలు మాత్రం మమ్మల్ని చూడ్డానికి వచ్చేవాడు.

ఆ ఇల్లు తలుచుకుంటే ముందు గంజి వాసన వస్తుంది. పోగులకి పెట్టే గంజి పెద్ద డేగిసాలో ఉడికేది, అడుగంటితే వీధి చివరిదాకా తెలిసేది. అందులో కొబ్బరినూనె చుక్కలు వేసేవాళ్ళు. పొద్దున్నే మాకు తరవాణిలో అన్నం, పచ్చి ఉల్లిపాయ, పాత ఆవకాయ. పోగులు తాగాక మిగిలితేనే మనకి గంజి అని మా అత్తయ్య వేళాకోళమాడేది. ఒకసారి నేను ఆ పోగుల గంజిలోనే బెల్లం ముక్క కలుపుకుని తాగి రెండు రోజులు కడుపు పట్టుకుని తిరిగాను. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో అందరికీ నేనే కాలక్షేపం.

అత్తయ్య అంటే నాన్నకి అక్క. పెళ్ళయిన మూడేళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆవిడ పని ఆసు పొయ్యడం. ఆసు అంటే గూటాలు బిగించిన పెద్ద చట్రం. దారం పట్టుకుని మొదటి గూటం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో గూటానికీ చుడుతూ చివరి గూటం దాకా వెళ్ళి, మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తుంది. వెళ్ళి వస్తే రెండు పోగులు. అలా అరవైసార్లు వెళ్ళి వస్తే నూట ఇరవై పోగులు, దాన్ని ఒక పుంజం అంటారు. పుంజం పూర్తవగానే ఎర్ర దారంతో ముడి వేసి, పళ్ళెంలో ఒక చింతపిక్క పడేసేది. చీరకి నలభై రెండు పుంజాలు. పళ్ళెంలో నలభై రెండు పిక్కలు పడితే పడుగు, అంటే చీర నిలువు పోగులన్నీ, పూర్తయినట్టు.

లెక్కలో ఉన్నప్పుడు ఆవిడ మాట్లాడేది కాదు. ఎవరైనా పిలిస్తే ఎడమచేతి వేలొకటి పైకెత్తేది, ఆగమని. మేం పిల్లలం చుట్టూ చేరి ముప్ఫై ఏడు, డెబ్బై రెండు, పదకొండు అని అరిచేవాళ్ళం, తప్పించాలని. నవ్వుకుంటూనే తన లెక్క తను సాగించేది. ఒక్కసారీ తప్పలేదు. వీధిలో ఎవరింట్లో పెద్ద పడుగు పొయ్యాలన్నా ఆవిడకే కబురొచ్చేది. వెళ్తే పీట వేసి, మజ్జిగ ఇచ్చి, అక్కగారూ అని పిలిచేవాళ్ళు. తెల్లచీర కట్టుకున్న మనిషిని పేరంటాలకి పిలవని వీధి అది. ఆసు దగ్గరికి మాత్రం ఆవిడ రానిదే పని జరిగేది కాదు. ఆవిడకి ఆ వీధిలో ఉన్న మర్యాదంతా ఆ లెక్కే.

తాతయ్యకి సంతకం తప్ప అక్షరం రాదు. అంకెలు మాత్రం ఆయనకి ఇరుగుపొరుగు వాళ్ళంత బాగా తెలుసు, వాళ్ళ గురించి చెప్పుకున్నట్టే వాటి గురించీ చెప్పేవాడు. ఆరునీ ఇరవై ఎనిమిదినీ నిండుకుండలనేవాడు. ఇరవై ఎనిమిదిని భాగించేవి ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పధ్నాలుగు, అన్నీ కూడితే మళ్ళీ ఇరవై ఎనిమిదే, ఎక్కువా లేదు తక్కువా లేదు. పదమూడు, పంతొమ్మిది లాంటివి ఒంటికాయ శొంఠికొమ్ములు, ఎవరితోనూ పొత్తు కుదరనివి. ఇక నలభై రెండు పుంజాలు, అంటే అయిదువేల నలభై పోగులు, ఆయన దృష్టిలో ఆ వీధికే పెద్దదిక్కు. ఒకటి నుంచి పది దాకా ఎవరొచ్చినా కాదనకుండా సమంగా పంచుతుంది, పన్నెండుకీ పంచుతుంది, పదకొండుకి మాత్రం పీట వెయ్యదు అనేవాడు. చీరలో ఏడు రకాల చారలు కావాలన్నా, ఎనిమిది కావాలన్నా, తొమ్మిది కావాలన్నా పోగులు సరిపోయేది అందుకే. దానికి అరవైమంది చుట్టాలున్నారని మగ్గం మీద కూర్చుని వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. నేను టీచరయ్యాక కాగితం మీద వేసి చూశాను. దాని కారణాంకాలు సరిగ్గా అరవై.

ఆ వేసవిలో ఒక ఆదివారం నేను దారం చుట్టిన ఎరుపు కండెలూ తెలుపు కండెలూ ఒకే బుట్టలో కలిపేశాను, ఆటకి. నాన్న బెల్టు తీశాడు. నాన్నది మహా చెడ్డ చెయ్యి, మొదలుపెడితే ఆపడం ఆయనకి చేతకాదు. అత్తయ్య మధ్యలోకి వస్తే ఆవిడ మోచేతి మీద కూడా ఒకటి పడింది. తర్వాత నా వీపుకి వెన్న రాస్తూ ఆవిడే ఏడ్చింది. ఇంకోసారి ఏదైనా చేశావంటే నిన్ను వాడు బతకనివ్వడు, జాగ్రత్తగా ఉండు తల్లీ అంది. నేను ఉంటానని ఒట్టేశాను.

ఆ ఒట్టు శనివారం దాకా నిలిచింది. శనివారం పొద్దున్న వీధిలో పడుగు చాచారు. అత్తయ్య పోసిన నలభై రెండు పుంజాలూ వీధి పొడుగునా సాగి, గంజి పెట్టించుకుని ఆరుతున్నాయి. రెండు చివర్లా మడతలు కత్తిరించేశారు, ఇక ఏ పోగుకా పోగు విడి. పెద్దవాళ్ళంతా తరవాణి తాగడానికి లోపలికెళ్ళారు. నా దగ్గర ఒక తూనీగ ఉంది. తోకకి కట్టడానికి జానెడు దారం కావాలి. అంచున ఉన్న పోగు కొస పట్టుకుని లాగాను. తెగుతుందనుకున్నాను. తెగలేదు, వచ్చింది. ఇంకొంచెం లాగాను, ఇంకొంచెం వచ్చింది. ఆపితే సగంలో వేలాడుతూ కనిపిస్తుందని భయమేసి, లాగుతూనే వీధి చివరిదాకా నడిచాను. మొత్తం పోగు నా చేతికొచ్చేసింది. గుప్పిట్లో ఉండలా చుట్టి కాలవలో పారేశాను. తూనీగని ఎప్పుడో వదిలేశాను, ఎక్కడికి పోయిందో కూడా చూడలేదు.

మర్నాడు ఆదివారం. తాతయ్య దగ్గరే ఉండి నేసే మా బాబాయీ, పిన్నీ, పక్కింటాయనా కూర్చుని కొత్త పడుగు పోగుల్ని మగ్గం మీద పాత పోగుల కొసలకి అతుకుతున్నారు. కొత్తదానికొకటి, పాతదానికొకటి, వేళ్ళతో మెలేసి. అతకడం అంతా అయ్యాక పాత కొస ఒకటి జత లేకుండా మిగిలింది. పిన్ని చేతిలో అది పట్టుకుని ఎవరి వంకా చూడకుండా కూర్చుండిపోయింది. తాతయ్య వచ్చి ఆఖరి పుంజం లెక్కపెట్టాడు. నూట పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ అంతే.

నాన్న కాలవలో స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. అందరి మొహాలూ చూశాడు. సంగతి విన్నాడు. తిన్నగా నా వైపు తిరిగి పడుగు ముట్టుకున్నావా అని అడిగాడు. నేను అత్తయ్య వెనక్కి జరిగాను.

"దాన్నెందుకురా అడుగుతావ్. నేనే తప్పాను. ఆఖరి పుంజంలో లెక్క పోయింది నాకు" అంది అత్తయ్య.

పక్కింటాయన మీరు తప్పడమేంటక్కగారూ అని ఏదో అనబోయాడు. పిన్ని కూడా నోరు తెరిచింది. అత్తయ్య ఎడమచేతి వేలు పైకెత్తింది, లెక్క మధ్యలో ఎత్తినట్టే. ఇద్దరూ ఊరుకున్నారు. తాతయ్య కూతురి మొహంలోకి చాలాసేపు చూసి, సరేనమ్మా అన్నాడు. నాన్న తువ్వాలు దులుపుకుని అన్నానికి కూర్చున్నాడు.

పోగుదేముంది, బాబాయి కండెలోంచి కొత్తది తీసి కలిపేశాడు. ఆ చీర కట్టుకున్నావిడకి ఈ కథ తెలిసే వీలే లేదు. కానీ మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆసు దగ్గర లెక్క తప్పినవాళ్ళు పిక్కల పళ్ళెం ఇంకొకరికి ఇచ్చి లేవాలి. తాతయ్య కూడా వయసులో ఉండగా ఒకసారి తప్పి ఏడాదిపాటు ఆసు ముట్టుకోలేదట. సాయంత్రం అత్తయ్య ఆ పళ్ళెం తెచ్చి పిన్ని ముందు పెట్టింది. పిన్ని ముట్టుకోలేదు. తాతయ్య తీసుకోమ్మా అని చెప్పాల్సొచ్చింది.

నేను నూతి వెనక కూర్చుని ఇదంతా చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది హాయి. దెబ్బలు తప్పాయి. దెబ్బల్లేకపోగా, అత్తయ్య నిజంగానే తను తప్పాననుకుంటోందని నాకు తోచింది. అంత తెలివైన మనిషి అంత సులువుగా ఎలా మోసపోయిందా అని ఆశ్చర్యం కూడా వేసింది.

రెండు రోజుల తర్వాత మగ్గం గుంట పక్కన కూర్చుని ముంజకాయ తింటున్నాను. తాతయ్య నేస్తూ నేస్తూ అయిదువేల ముప్ఫై తొమ్మిది గురించి చెప్పడం మొదలుపెట్టాడు. రెండు రోజుల నుంచీ దాన్ని విడగొట్టి చూస్తున్నాడట. మూడుకి రాలేదు, ఏడుకి రాలేదు, పదమూడుకి రాలేదు, డెబ్బై దాకా ఎవరికీ లొంగలేదు. డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లు అయిదువేల నలభై ఒకటి కాబట్టి ఇక పైన వెతకనక్కర్లేదన్నాడు. అయిదువేల నలభైకి అరవైమంది చుట్టాలు, ఒక్క పోగు పోయేసరికి పక్కా ఒంటికాయ శొంఠికొమ్ము అయి కూర్చుందన్నాడు. ముంజ తినడం మర్చిపోయి విన్నాను. నేను లెక్కల టీచరునయ్యానంటే ఆ మధ్యాహ్నమే కారణం.

అప్పుడు ఆయన మగ్గం ఆపాడు.

"ఒక్కటి. రెండు కాదు, ఒక్కటే. ఒక్క పోగు ఎట్టా పోయిందంటావే?"

"అత్తయ్య లెక్క తప్పిందేమో తాతయ్యా" అన్నాను.

ఆయన నా వంక చూసి, తల తిప్పుకుని, మళ్ళీ నేత మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాతో అంకెల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేనేమో ఆయనకి వయసు మీద పడిందనుకున్నాను.

ఏడాది గడిచాక కూడా అత్తయ్య ఆసు దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడకి లెక్క తప్పుతోందట అన్న మాట, ఎన్ని పోగులన్నది లేకుండా, పక్కింటి నుంచి వీధంతా పాకింది. కబుర్లు రావడం మానేశాయి. ఆవిడ పిల్లలతోపాటు కూర్చుని కండెలు చుట్టుకునేది. తర్వాత రెండు వేసవులు నేను వెళ్ళాను. సాయంత్రాలు నాకు జడ వేస్తూ, ఇంకా ఏంటే కబుర్లు అని అడిగేది. నేను బెజవాడ కబుర్లు చెప్పేదాన్ని, సినిమాలు, బడి, స్నేహితులు. అన్నీ అయ్యాక కూడా జడ చివర పట్టుకుని కాసేపు ఊరుకునేది. ఇంకేం లేవా అనేది. లేవు అనేదాన్ని.

ఇప్పుడు చెబుతాను మొన్న నన్ను మంచం మీద కూలేసిన సంగతి. అత్తయ్య దారం పట్టుకుని వెళ్తే ఒక పోగు, వస్తే ఇంకో పోగు. ఒక చుట్టు మర్చిపోతే రెండు తగ్గుతాయి, ఒక చుట్టు ఎక్కువైతే రెండు పెరుగుతాయి. లెక్క ఎంత తప్పినా ఆఖరి పుంజంలో నూట పద్ధెనిమిది ఉండొచ్చు, నూట ఇరవై రెండు ఉండొచ్చు. నూట పంతొమ్మిది ఉండదు. ఆసు మీంచి బేసి అంకె దిగడం అసాధ్యం. పడుగు కత్తిరించాక ఎవరో ఒక పోగు లాగేస్తే తప్ప అయిదువేల ముప్ఫై తొమ్మిది రాదు. ఇది ఆ వీధిలో పాకే పిల్లలకి కూడా తెలుసు. తెలియనివాళ్ళు ఇద్దరే, నేత రాని మా నాన్న, నేను.

ముప్ఫై రెండేళ్ళు నేను ఆ అంకెని బోర్డు మీద రాసి, డెబ్బై దాకా భాగించి చూపించి, చప్పట్లు కొట్టించుకున్నాను. రెండుతో మొదలుపెట్టాలిగా. చివర తొమ్మిది ఉంది కాబట్టి రెండుకి పోదు పిల్లలూ, అని ఏటేటా నా నోటితో నేనే చెప్పి మూడుకి వెళ్ళిపోయేదాన్ని. అక్కడే ఒక్క క్షణం ఆగి ఉంటే!

తెల్లారి బందరు బస్సెక్కాను. ఆ ఇంటి మనుషుల్లో మిగిలింది పిన్ని ఒక్కతే. వీధిలో ఒక్క మగ్గం కూడా లేదు. మా గుంట ఎప్పుడో పూడ్చి టైల్స్ వేశారు. పడుగు చాచిన చోట ఆటోలు నిలబెడుతున్నారు. పిన్ని అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. కాఫీ తాగుతావా అంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను, ఆ పోగు నేనే తీశానని.

పిన్ని తల ఎత్తలేదు. "ఇప్పుడా చెప్పేది" అంది.

తెలుసా మీకు అని అడిగాను. తెలీకపోవడమేంటి, ఒక్కటి ఎట్టా తగ్గుద్దే ఆసు మీద, అంది. ఆ రోజు చెప్పబోతే అత్తయ్యే ఆపిందట. మీ నాన్న చేతికి నిన్నివ్వనంది, తర్వాత నిన్నెవరూ అడగొద్దని ఒట్టేయించుకుంది. అడిగితే భయపడి చెబుతుంది, దానంతటది చెప్పాలి, చెప్పినరోజు పళ్ళెం నేనే తీసుకుంటానులే అందట. పిన్ని ఆ పళ్ళెం చాలా ఏళ్ళు అందుబాటులోనే పెట్టుకుందట, అడగ్గానే ఇచ్చేద్దామని.

పిన్ని చేటలో కాయలు ఒక పక్కకి నెట్టి, మెల్లగా మిగిలింది కూడా చెప్పింది.

"నువ్వు లెక్కల టీచరువయ్యావని ఉత్తరం వచ్చిన్రోజు మీ అత్తయ్య ఎంత సంబరపడిందనుకున్నావ్. ఇంక దానికి తెలిసిపోద్ది, మనకి తెలుసని కూడా తెలిసిపోద్ది, పరిగెత్తుకొచ్చుద్ది చూడు అంది. నువ్వొచ్చినప్పుడల్లా నీ మొహమే చూసేది. ఆఖర్లో మంచాన పడ్డాక ఒకరోజు అంది. లెక్కలు చెప్పేదానికి ఆ మాత్రం తెలీకుండా ఉంటదా, తెలిసే ఊరుకుంది పోనీలే, అంది."

లేదు పిన్నీ, నాకు తెలీదు, నిజంగా తట్టలేదు, నిన్ననే తట్టింది, పిల్ల ఫోన్లో చదివితే తట్టింది, అని రెండుసార్లు చెప్పాను, మూడోసారి ఏడుస్తూ చెప్పాను. పిన్ని తల ఎత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పావు కదే" అంది.

తర్వాత చేట తీసుకుని లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. ఆవిడ కూడా నమ్మలేదు.